పన్నెండు పాత యూరప్ ఇంజన్లు: ఎన్ని నడిచాయి, ఎన్ని నా చేతిలోనే చెడిపోయాయి

ముందు షరతులు. ఇవి అసలు రైలింజన్లకు చిన్న నమూనాలు, మోడళ్ళు. అన్నీ హెచ్‌ఓ స్కేలు, అంటే అసలుకు 87వ వంతు. పట్టాల మధ్య 16.5 మి.మీ. అన్నీ సెకండ్‌హ్యాండ్. అసలు ఇంజన్లు 1968–1990 మధ్య యూరప్ లైన్ల మీద తిరిగినవి అయ్యుండాలి. మోడల్ వాళ్ళు దీన్ని నాలుగో ఎపోక్ (కాలఘట్టం) అంటారు. పెట్టెలో కూర్చున్నది లెక్కలోకి రాదు. మీటరు పొడవున్న రెండు పట్టాల మీద, చేత్తో తోయకుండా, అటూ ఇటూ పదిసార్లు వెళ్ళొస్తేనే "నడిచేది" అని రాస్తాను.

వచ్చినవి (అన్నీ ఇంజన్ రకాల నంబర్లు, పేర్లు): జర్మనీ 103, 218, 220, 194, ఆవిరి ఇంజన్ 001, స్విట్జర్లాండ్ ఏఈ 6/6, ఆర్‌ఈ 4/4 రెండో రకం, "మొసలి" (ఒక పాత కరెంటు ఇంజన్ ముద్దుపేరు), ఆస్ట్రియా 1042, ఫ్రాన్స్ సీసీ 6500, ఇటలీ ఈ 656, నెదర్లాండ్స్ 1200.

దశ 1: కరెంటు ఇవ్వకముందు

ఈ దశను నేను రెండోసారి చేశాను. మొదటిసారి చేయలేదు కాబట్టే ఇప్పుడు రాస్తున్నాను.

పెట్టె విప్పగానే మొసలిని పట్టాల మీద పెట్టి నాబ్ తిప్పాను. ఇంజన్ కదల్లేదు, పవర్ పెట్టె మీద ఎర్ర దీపం వెలిగింది. షార్ట్. తిరగేసి చూస్తే పొట్ట కింద పొడవాటి స్లైడర్ ఉంది. అది ఏసీ మీద నడిచే మూడు పట్టాల పద్ధతి మోడల్. ఆ పద్ధతిలో కరెంటు మధ్యలో ఉన్న బొడిపెల నుంచి వస్తుంది, రెండు పట్టాలూ కలిపి ఒకే తీగ కింద లెక్క. అందుకని ఒకే ఇరుసు మీది రెండు చక్రాల మధ్య ఇన్సులేషన్ ఉండదు. దాన్ని రెండు పట్టాల మీద పెడితే రెండు తీగల్ని ఒకటిగా ముడేసినట్టే. ప్రకటనలో ఫొటోలన్నీ పైనుంచి, పక్కనుంచి తీసినవి. అడుగు ఫొటో అడగకపోవడం నా తప్పు.

ఇప్పుడు ఏ ఇంజన్ వచ్చినా వరస ఇది:

1. తిరగేసి స్లైడర్ ఉందేమో చూడాలి.
2. మల్టీమీటరుతో ఒకే ఇరుసు ఎడమ చక్రం నుంచి కుడి చక్రానికి నిరోధం కొలవాలి. బీప్‌ను నమ్మొద్దు. మోటారు చుట్ట నిరోధం పదీ ఇరవై ఓములే ఉంటుంది, కొన్ని మీటర్లు దానికీ బీప్ కొడతాయి. అంకె చదవాలి. సున్నా దగ్గర ఉంటే పట్టాల మీదికి వద్దు.
3. వెర్నియర్ కాలిపర్‌తో చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం. నాకు 14.4 మి.మీ. కావాలి.
4. పొడవు. అసలు పొడవును 87తో భాగిస్తే వచ్చేదానికి మిల్లీమీటరు అటూ ఇటూ ఉండాలి. 103 అసలు 19.5 మీటర్లు, మోడల్ 224 రావాలి. నాది 224.2.
5. బాడీ వెడల్పు మూడు చోట్ల: రెండు చివరలు, మధ్య. ఎందుకో దశ 5లో తెలుస్తుంది.

ఆర్‌ఈ 4/4 కూడా మూడు పట్టాలదే అని తేలింది. దాన్ని మరో సేకరణదారుకిచ్చి రెండు పట్టాల డీసీ మోడల్ తెచ్చుకున్నాను. మొసలిని మాత్రం ఇవ్వబుద్ధి కాలేదు. పక్కన పెట్టాను.

లెక్క: వచ్చినవి 12. నడిచేవి 3 (194, 1042, మార్చుకున్న ఆర్‌ఈ 4/4). ఆగినవి 9.

దశ 2: ఎండిన నూనె, చెరిగిన నంబరు

సెకండ్‌హ్యాండ్ ఇంజన్ నడవకపోతే పది సందర్భాల్లో ఏడెనిమిదిసార్లు మోటారు పోయి ఉండదు. లోపలి నూనె బంకగా మారి ఉంటుంది. 220 డీజిల్ 12 వోల్టుల దగ్గర 480 మిల్లీఆంపియర్లు లాగుతూ మూలిగిందే గానీ అంగుళం కదల్లేదు. గేర్ల మూత తీస్తే లోపల పసుపు రంగు మైనంలా ఉంది, పుల్లతో గీస్తే పొరలుగా లేచింది.

1. బాడీ తీసి, దీపాల తీగలు ఎటు వెళ్ళాయో ఫోన్‌లో ఫొటో.
2. మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు తీయడం. స్ప్రింగ్ ఎగిరిపోకుండా ఇంజన్ మొత్తాన్ని పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చేతులు లోపలికి పోనిచ్చి పని చేయాలి. (ఈ సంచి కనిపెట్టకముందు పోయిన స్ప్రింగులు: 2. ఒకటి మూడు వారాల తర్వాత చెప్పులో దొరికింది.)
3. గేర్లు, ఇరుసులు లైటర్ పెట్రోల్‌లో నానబెట్టి టూత్‌బ్రష్‌తో తోమడం. కిటికీ తెరిచి, దగ్గర్లో మంట లేకుండా.
4. కమ్యుటేటర్‌ను (బ్రష్‌లు ఆనే రాగి రింగు) దూదిపుల్లతో తుడిచి, దాని మీది చీలికల్లోని కార్బన్ పొడిని పళ్ళు కుట్టుకునే చెక్కపుల్లతో తీయడం. సూది వాడితే రాగి గీసుకుపోతుంది.
5. నూనె సూది మొనతో, బేరింగుకు ఒక్క చుక్క. గేర్లకు ప్లాస్టిక్‌ను పాడుచేయని గ్రీజు, అదీ పలచగా.

తర్వాత 220 లాగింది 190 మిల్లీఆంపియర్లు. అదే మోటారు, అవే బ్రష్‌లు.

సీసీ 6500తో తంటా వేరు. ముందుకు వంగిన అద్దాల వల్ల ఆ రకం ఫ్రెంచ్ ఇంజన్లను "ముక్కు విరిగినవి" అంటారు. పెట్టెలోని స్పాంజి పాతబడి కరిగి, నల్లటి జిగురులా పైకప్పుకు పట్టేసింది. గోరువెచ్చని సబ్బునీళ్ళు, మెత్తని బ్రష్, ఓపిక. రెండు సాయంత్రాలు పట్టింది. అప్పటి నుంచి ఏ పెట్టెలోనూ పాత స్పాంజి ఉంచట్లేదు, ఆమ్లం లేని పలచటి కాగితం చుడుతున్నాను.

ఓపిక లేనిచోట జరిగింది ఇదీ: 218 పక్కన ఉన్న మరకను సబ్బునీళ్ళతో కాకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. మరక పోయింది. దాంతోపాటు ఇంజన్ నంబరూ పోయింది. దూదిపుల్ల చివర తెల్లగా కనిపించినప్పుడు గాని అర్థం కాలేదు. ఆల్కహాల్ పట్టాలకు, చక్రాలకు సరే. అచ్చు వేసిన అక్షరాల దగ్గరికి దాన్ని తీసుకెళ్ళొద్దు.

విడి అంకెల డీకాల్ (అంటించే అచ్చు అంకెల) షీట్ దొరికింది. పెట్టె మీది కాగితంలో నంబరు 218 245 దాకా ఉంది, చివరి అంకె చిరిగిపోయింది. ఊహించి వేయక్కర్లేదని తర్వాత తెలిసింది. 1968 జనవరి 1 నుంచి పశ్చిమ జర్మనీ ఇంజన్ల నంబర్లు కంప్యూటర్ కోసం మార్చారు: ఆరంకెలు, గీత, ఆ పైన తనిఖీ అంకె. ఆరంకెలను వరసగా 1, 2, 1, 2, 1, 2తో గుణించాలి. గుణకారంలో రెండంకెలు వస్తే వాటిని విడదీసి కలపాలి. మొత్తం కూడి, పై పదికి ఎంత తక్కువో అదే తనిఖీ అంకె. 218 245కి 2, 2, 8, 4, 4, ఆపైన పది అంటే 1. మొత్తం 21. ముప్పైకి 9 తక్కువ. కాబట్టి 218 245-9.

చేతిలోకి కొత్త ఆట వచ్చింది కదా, మిగతావన్నీ లెక్కేశాను. 103 మీద 103 118-7 అని ఉంది. 1, 0, 3, 2, 1, 16 అంటే 7, మొత్తం 14. రావాల్సింది 6. భూతద్దం పెట్టి చూస్తే ఆ 8 పక్క అంకెలకంటే వెంట్రుకవాసి పైకుంది. 103 113 అయితే తనిఖీ అంకె సరిగ్గా 7 వస్తుంది. ఎవరో 3 తీసి 8 అంటించారు, చివరి అంకె మార్చాలని వాళ్ళకు తెలియదు. ఎందుకు మార్చారో గానీ, దాన్ని అలాగే ఉంచాను. కొనేముందు ఈ లెక్క చేస్తే చేయిపెట్టిన మోడల్ కొన్నిసార్లు ఫొటోలోనే పట్టుబడుతుంది.

ఏఈ 6/6కి మామూలు శుభ్రం సరిపోయింది. దాని సంగతి దశ 6లో.

లెక్క: నడిచేవి 7. ఆగినవి 5. పోయిన స్ప్రింగులు 2, దొరికినవి 1. చెరిపిన నంబర్లు 1.

దశ 3: చక్రాలు

103 ప్రతి చుట్టుకూ ఒకసారి కుంటుతోంది. పట్టుకోసం రెండు చక్రాలకు వేసే రబ్బరు రింగులు ఎండి పగిలాయి. పాతవి సూదితో లేపి, చక్రం గాడిలోని మురికి గోకి, కొత్తవి వేశాను. పావుగంట పని. రింగు మెలిపడితే మళ్ళీ కుంటుతుంది, వేశాక చక్రాన్ని వేలితో తిప్పి చూసుకోవాలి.

001 మాత్రం నా చేతి పాపం.

పట్టాలు విడిపోయే చోట అది ప్రతిసారీ దిగిపోతోంది. చక్రాల మధ్య కొలిస్తే నడిపే మూడు ఇరుసుల్లో ఒకటి 14.0 ఉంది. 0.4 మి.మీ. తేడాయే కదా అని, రాడ్లు విప్పకుండా చక్రాన్ని రెండు వేళ్ళతో పట్టి మెలితిప్పుతూ బయటికి లాగాను. 14.4కి వచ్చింది. పట్టాల మీద పెడితే ప్రతి చుట్టులో ఒకచోట బిగుసుకుంటోంది. మామూలుగా 160 మిల్లీఆంపియర్లు లాగేది, ఆ బిగుసుకునే చోట 410.

ఆవిరి ఇంజన్లో ఎడమవైపు రాడ్డు బిగించే పిన్నుకీ కుడివైపు పిన్నుకీ 90 డిగ్రీల తేడా ఉంటుంది. ఒకవైపు పిస్టన్ చివరికి చేరి బలం లేని చోట ఉన్నప్పుడు రెండోవైపు పిస్టన్ తోస్తుంది. మోడల్లో తోసే పని మోటారుది, కాబట్టి సరిగ్గా 90 కాకపోయినా పర్లేదు. కానీ మూడు ఇరుసుల్లోనూ తేడా ఒకేలా ఉండాలి. నేను మెలితిప్పినప్పుడు ఆ ఒక్క ఇరుసులో చక్రం జారి కోణం మారింది.

మొదట కంటి అంచనాతో సరిచేయబోయాను. నాలుగుసార్లు. ప్రతిసారీ ఇరుసు మీద చక్రం పట్టు తగ్గుతూ వచ్చింది. అయిదోసారి ఆగి, అచ్చు ఒకటి చేశాను:

1. 10 మి.మీ. మందం ప్లాస్టిక్ దిమ్మకు ఆకురాయితో వి ఆకారంలో గాడి. ఇరుసు అందులో కదలకుండా కూర్చోవాలి.
2. ఒకవైపు, పిన్ను నిట్టనిలువుగా పైకి ఉన్నప్పుడు తగిలేలా ఒక మేకు.
3. రెండోవైపు, పిన్ను అడ్డంగా ముందుకు ఉన్నప్పుడు తగిలేలా ఇంకో మేకు.
4. బాగున్న ఇరుసును ముందు పెట్టి మేకులను దానికి సరిపెట్టడం. అంటే కచ్చితమైన 90 కోసం కాదు, బాగున్నదానికి నకలు కోసం.
5. చెడిన ఇరుసును అందులో పెట్టి, చక్రాన్ని మేకుకు ఆనించి, వైస్‌తో నిదానంగా నొక్కడం. మెలితిప్పడం ఉండదు.
6. వదులైన చక్రానికి ఇరుసు చివర బేరింగ్ జిగురు, సూది మొనంత. రాత్రంతా వదిలేయాలి.

నా మోడల్లో గేరు ఒక్క ఇరుసుకే ఉంది, మిగతా రెండూ రాడ్లతో తిరుగుతాయి. అన్నిటికీ గేర్లున్న రకమైతే రాడ్లూ గేర్లూ రెండూ కుదరాలి, పని రెట్టింపు.

ఇప్పుడు చుట్టు మొత్తంలో 165 నుంచి 180 మిల్లీఆంపియర్లు. దిగిపోవడం లేదు.

లెక్క: నడిచేవి 9. ఆగినవి 3 (మొసలి, 1200, ఈ 656).

దశ 4: డీకోడర్ కాలిన వాసన

103కి డీసీసీ డీకోడర్ (పట్టాల గుండా వచ్చే డిజిటల్ ఆదేశాలను చదివి మోటారును నడిపే చిన్న బోర్డు) పెట్టాలనుకున్నాను. పాత మోడల్, లోపల సాకెట్ లేదు, తీగలు నేరుగా టంకం పెట్టాలి. రంగులు అందరూ పాటించేవే: ఎరుపు కుడి పట్టా, నలుపు ఎడమ పట్టా, నారింజ, బూడిద మోటారుకి, తెలుపు ముందు దీపం, పసుపు వెనక దీపం, నీలం దీపాలకు ఉమ్మడి.

దీనికి ఒకే పెద్ద నియమం ఉంది: మోటారు రెండు బ్రష్‌లూ ఛాసిస్‌కీ, చక్రాలకూ ఎక్కడా తగలకూడదు. పాత డీసీ మోడళ్ళలో ఒక బ్రష్ నేరుగా ఛాసిస్‌కే కలిపి ఉంటుంది. నాకది తెలుసు. ఆ రేకు తీసేశాను, మీటరు పెట్టి కొలిచాను, తెగినట్టే చూపించింది. మోటారును ఛాసిస్‌లో పెట్టి స్క్రూ బిగించి, కరెంటు ఇచ్చాను.

ఒక సెకను దీపాలు వెలిగాయి. ఆ తర్వాత ఆ వాసన వచ్చింది. ఒకసారి పీల్చినవాళ్ళు మర్చిపోరు. డీకోడర్ మీద ఆవగింజంత చోట పొంగి నల్లబడింది.

విప్పి చూస్తే మోటారును పట్టే స్క్రూ కాస్త పొడుగు. పూర్తిగా బిగిస్తే దాని మొన బ్రష్ రేకుకు తగులుతోంది. నేను కొలిచింది స్క్రూ బిగించకముందు. తర్వాత స్క్రూ కొసను ఆకురాయితో 1 మి.మీ. అరగదీసి, రేకు మీద వేడి తగిలితే ముడుచుకునే గొట్టం తొడిగాను. ఇప్పుడు వరస మార్చాను:

1. అన్ని స్క్రూలూ బిగించి, బాడీ కూడా తొడిగి, అప్పుడు కొలవాలి. నారింజ నుంచి ఎరుపుకి, నారింజ నుంచి నలుపుకి, బూడిద నుంచి ఎరుపుకి, బూడిద నుంచి నలుపుకి. నాలుగూ తెగినట్టు చూపించాలి. డీకోడర్‌ను ఇంకా కలపకుండానే.
2. చక్రాలను వేలితో ఆపి, 12 వోల్టుల దగ్గర మోటారు ఎంత లాగుతుందో ఒక్క క్షణం చూడాలి. 103 లాగింది 0.8 ఆంపియర్లు. డీకోడర్ 1 ఆంపియర్‌ది, సరిపోతుంది.
3. మొదటిసారి కరెంటు ప్రోగ్రామింగ్ పట్టా (డీకోడర్‌కు అమరికలు రాసే విడి పట్టా) మీదే. అక్కడ కరెంటు పరిమితం, తప్పున్నా కాలదు. నేను దాటేసింది ఈ మెట్టునే.

రెండో డీకోడర్ బతికే ఉంది.

లెక్క: నడిచేవి ఒక వారం పాటు 8, మళ్ళీ 9. కాలిన డీకోడర్లు 1.

దశ 5: జింక్ తెగులు

నెదర్లాండ్స్ 1200 బాడీ ఊడిరాలేదు. స్క్రూలు తీశాను, పక్కలు వెడల్పు చేసి లాగాను, కదల్లేదు. అప్పుడు కాలిపర్ తీశాను. రెండు చివరలా వెడల్పు 34.0. మధ్యలో 35.3. బాడీని లోపలి నుంచి ఏదో తోస్తోంది.

ఛాసిస్ బరువుకోసం పోసిన జింక్ మిశ్రమంలో సీసం లాంటి మలినాలు కాస్త ఎక్కువైతే, ఏళ్ళు గడిచాక లోహం లోపల రేణువుల సరిహద్దుల వెంట తినేసుకుంటూ ఉబ్బుతుంది. వేడి, తేమ ఉంటే త్వరగా. ఛాసిస్ మీద సన్నటి గీతలు కనిపించాయి, బీడువారిన నేలలా. పట్టకారుతో ఒక మూల మెల్లగా పట్టుకున్నాను. బిస్కెట్ విరిగినంత తేలిగ్గా ముక్క చేతిలోకి వచ్చింది. విరిగిన చోట లోహపు మెరుపు లేదు, బూడిద రంగు పొడి.

దీనికి మందు లేదు. జిగురు వేసినా పక్కన పగులుతుంది. ఒక ఇంజన్ నుంచి మరోదానికి అంటుతుందనే భయం కొందరికుంది, అదేం లేదు, తప్పు ఆ పోతలోనే ఉంది. బాడీని కాపాడటానికి ఛాసిస్‌ను లోపలే ముక్కలు చేసి తీశాను. మోటారు, చక్రాలు, పాంటోగ్రాఫ్‌లు (పైతీగ నుంచి కరెంటు తీసుకునే చట్రాలు), బాడీ దక్కాయి. కొనేటప్పుడు బాడీ మధ్యలో ఉబ్బిందా, బఫర్లు వంకరగా చూస్తున్నాయా అని ఫొటోలో వెతకడం అప్పుడే అలవాటైంది.

లెక్క: నడిచేవి 9. భాగాలకు 1. ఆగినవి 2.

దశ 6: మొసలికి సొంత లైను, స్విస్‌కి సొంత పాంటోగ్రాఫ్

మొసలిని రెండు పట్టాలకు మార్చే ఆలోచన మానుకున్నాను. నడిపే ఇరుసులన్నీ రాడ్లతో ముడిపడి ఉన్నాయి, ఒక్కో చక్రాన్ని ఊడదీసి ఇన్సులేషన్ వేసి మళ్ళీ కోణాలు కుదర్చాలి. 001 దగ్గర ఒక్క ఇరుసుకే నా పని అయిపోయింది. 1919–1922 మధ్య స్విస్ ఆల్ప్స్ కొండల్లోని గోట్హార్డ్ లైనుకోసం 33 చేసిన ఇంజన్ అది. దాన్ని పాడుచేయడంకంటే రెండు మీటర్ల మూడు పట్టాల లైను వేసివ్వడం తేలిక.

ఆ పాత పద్ధతిలో దిశ మార్చాలంటే 24 వోల్టుల దెబ్బ ఒకటి ఇవ్వాలి, లోపలి రిలే అటు నుంచి ఇటు పడుతుంది. నాది పడలేదు, బదులుగా ఇంజన్ కప్పలా ఒక్క గంతు వేసింది. రిలే స్ప్రింగ్ బిగువు ఎక్కువైతే ఇలా అవుతుంది. కొక్కేన్ని పట్టకారుతో వెంట్రుకవాసి వంచి వదులు చేశాను. మూడో ప్రయత్నానికి గంతు ఆగింది. మరీ వదులైతే మామూలు వేగంలోనే దిశ మారిపోతుంది, అదీ ఒకసారి జరిగింది.

ఏఈ 6/6 నడుస్తోంది గానీ చూపులో ఏదో తేడా. 1952–1966 మధ్య 120 చేశారు, మొదటి 25కి క్యాంటన్ల (స్విస్ రాష్ట్రాల) పేర్లు, క్రోమ్ పట్టీలు. పట్టీలు బాగానే ఉన్నాయి. పైన పాంటోగ్రాఫ్ తల కొలిస్తే 22.1 మి.మీ. స్విస్ తల 1450 మి.మీ., 87తో భాగిస్తే 16.7 రావాలి. జర్మనీ, ఆస్ట్రియాలది 1950, అంటే 22.4. ఎవరో జర్మన్ పాంటోగ్రాఫ్‌లు బిగించారు. అసలు లైనులో అయితే ఆ వెడల్పు స్విస్ సొరంగాల్లో పట్టదు. సరైన జత కోసం వెతుకుతున్నాను.

లెక్క: నడిచేవి 10 (ఒకటి సొంత లైనులో). భాగాలకు 1. ఆగింది 1.

దశ 7: వేగం

ఒక మీటరు దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 313ను దానితో భాగిస్తే అసలు ఇంజన్ లెక్కలో గంటకు కిలోమీటర్లు వస్తాయి. 3.6ను 87తో గుణిస్తే వచ్చేదే ఆ 313. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి ఫ్రేములు లెక్కపెడుతున్నాను, స్టాప్‌వాచ్‌తో నా వేలే పావు సెకను తప్పు చేస్తోంది.

12 వోల్టుల దగ్గర:

- 103: 0.90 సెకను, 348 కి.మీ. అసలు గరిష్ఠం 200. 1955 మార్చిలో ఫ్రెంచ్ ఇంజన్ సాధించిన 331 రికార్డును నా డైనింగ్ టేబుల్ దాటేసింది.
- 220: 1.40 సెకన్లు, 224 కి.మీ. అసలు 140.
- ఏఈ 6/6: 1.65 సెకన్లు, 190 కి.మీ. అసలు 125.
- మొసలి, 16 వోల్టుల ఏసీ: 2.90 సెకన్లు, 108 కి.మీ. అసలు 65.

103లో డీకోడర్ ఉంది కాబట్టి సీవీ 5ను (గరిష్ఠ వేగాన్ని నిర్ణయించే డీకోడర్ అమరిక) 255 నుంచి దించుకుంటూ వచ్చాను. 180 దగ్గర 1.22 సెకన్లు, 150 దగ్గర 1.46, 140 దగ్గర 1.58, అంటే 198 కి.మీ. అక్కడ ఆపాను. మిగతావాటికి వోల్టేజీ తగ్గించి నాబ్ మీద పెన్సిల్ గీతలు పెట్టాను.

ఈ వారం

ఇటలీ ఈ 656. అసలు ఇంజన్ బాడీ రెండు ముక్కలు, మధ్య బోగీ మీద మడత. మోడల్లోనూ అంతే, తీగలు ఆ మడత గుండా వెళ్తాయి. వంపు తిరిగిన ప్రతిసారీ అవి వంగుతాయి. మొదట గట్టి తీగ వేశాను, 31వ వంపులో తెగింది. మెత్తటి తీగ వేశాను, టంకం పెట్టిన చోట 58వ వంపులో తెగింది. వంగేది తీగ కాదు, టంకం పీల్చుకుని గట్టిపడిన ఆ రెండు మిల్లీమీటర్లు. ఇప్పుడు టంకానికి ఇటు పక్క తీగను చుక్క జిగురుతో ఛాసిస్‌కు అంటించి, మడత దగ్గర చిన్న ఉచ్చులా వదులు ఉంచాను. వంపులు లెక్కపెడుతున్నాను. నిన్న రాత్రికి 44.